రెండుసార్లు రాసిన కథలు: కె. బాలచందర్ సినిమా రచన

ఢిల్లీలో ఒక ఇరుకు గది. చదువులు పూర్తయి ఉద్యోగాలు దొరకని ముగ్గురు కుర్రాళ్లు అందులో ఉంటారు. వండుకోవడానికి గింజ లేదు. సరిగ్గా ఆ వేళకే పరిచయమున్న అమ్మాయి ఒకతె వస్తుంది. ఆకలితో మాడుతున్నామని ఆమెకు తెలిస్తే పరువేం కాను? అందుకని ముగ్గురూ ఖాళీ కంచాల ముందు భోజనం నటిస్తారు. లేని కూరను మెచ్చుకుంటారు, లేని చారును జుర్రుకుంటారు. చూసేవాళ్లకు మొదట నవ్వు వస్తుంది. ఆ నవ్వు ఎక్కడ ఆగి గొంతు ఎక్కడ పట్టేస్తుందో చెప్పడం కష్టం. 1981 జనవరిలో తెలుగులో 'ఆకలి రాజ్యం'గా, అంతకు కొద్ది నెలల ముందు తమిళంలో 'వరుమైయిన్ నిఱం శివప్పు'గా వచ్చిన సినిమాలోది ఈ సన్నివేశం.

కె. బాలచందర్ అసలు బలం ఏమిటో ఈ ఒక్క సన్నివేశం చెబుతుంది. ఒక గది, నలుగురు మనుషులు, చేతికి అందే వస్తువు ఒకటి, బయటపెట్టలేని అవసరం ఒకటి. అంతకు మించి ఆయనకు పెద్దగా ఏమీ అక్కర్లేదు. రజనీకాంత్‌ను పరిచయం చేసినవాడు, కమల్‌హాసన్‌ను తీర్చిదిద్దినవాడు అనే మాటలు ఆయన గురించి ఎప్పుడూ వినపడతాయి. అవి నిజమే. కానీ వాటి చాటున ఆయనలోని రచయిత మరుగున పడిపోతున్నాడు. ఆ రచయితను గుర్తుపట్టడానికి తెలుగు ప్రేక్షకులకు మిగతా ఎవరికీ లేని ఒక వీలుంది. ఆయన చాలా కథల్ని రెండు భాషల్లో రెండుసార్లు తీశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ మాట మారింది, ఏది మారకుండా నిలిచింది అన్నది కళ్లకు కడుతుంది.

తంజావూరు ప్రాంతంలోని నన్నిలంలో 1930 జూలై 9న ఆయన పుట్టాడు. తండ్రి కైలాసం గ్రామాధికారి. అణ్ణామలై విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి, ముత్తుపేట్టైలో కొన్నాళ్లు బడిపంతులుగా పనిచేసి, 1950లో మద్రాసు అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. అందరూ ఏజీ ఆఫీసు అనే చోటు అది. పగలు పద్దులు, సాయంత్రం నాటకం. పదేళ్లకు పైగా సాగిన ఆ రెండు పూటల జీవితమే ఆయనకు సినిమా బడి. స్టూడియోలో ఏ దర్శకుడి దగ్గరా ఏళ్ల తరబడి సహాయకుడిగా తిరిగినవాడు కాదు. ఫలానా తేదీన జీతం, ఫలానా తేదీకి అద్దె, మధ్యలో చెల్లెలి పెళ్లి అనే లెక్కలో బతికే మనుషుల మధ్య కూర్చుని, వాళ్ల మాటల్నే వేదిక ఎక్కించాడు. 'మేజర్ చంద్రకాంత్', 'సర్వర్ సుందరం', 'నీర్‌కుమిళి', 'ఎదిర్ నీచ్చల్' అన్నీ ముందు నాటకాలే. వాటిలో మెరిసిన నాగేశ్ కూడా రైల్వేలో గుమాస్తాగిరీ చేసి వచ్చినవాడే. ఆ ఇద్దరికీ అంత చక్కగా ఎందుకు కుదిరిందో వేరే చెప్పనక్కర్లేదు.

సినిమా లోపలికి ఆయన మాటల దారినే వచ్చాడు. 1964లో ఎం.జి.ఆర్. నటించిన 'దైవత్తాయ్'కి సంభాషణలు రాశాడు. అదే ఏడు 'సర్వర్ సుందరం' నాటకం కృష్ణన్-పంజు దర్శకత్వంలో తెరకెక్కింది. మరుసటి ఏడాది 'నీర్‌కుమిళి'తో తానే దర్శకుడయ్యాడు. ఆ కథ నడిచేదంతా ఆసుపత్రిలో. రంగురంగుల యుగళగీతాలూ, కత్తియుద్ధాలూ రాజ్యమేలుతున్న కాలంలో మంచాల వరస మధ్య ఒక కథను చివరిదాకా కూర్చోబెట్టడం సాహసమే. ఒక్క చోటు చాలు, మనుషులు ఎక్కువ ఉండాలి అనే సూత్రం ఆ తర్వాత కూడా ఆయన్ని వదల్లేదు. 'ఎదిర్ నీచ్చల్'లో కథానాయకుడు చాలా కుటుంబాలు అద్దెకుండే ఇంట్లో మెట్ల కింద బతికే అనాథ. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేస్తాడు, ఎవరికీ ఏమీ కాడు. మేడమెట్ల మాదు అన్నదే అతని పేరు. మెట్ల మీద అందరూ ఎక్కుతూ దిగుతూ ఉంటారు, కింద ఉన్నవాడికి ఎక్కే వంతు ఎప్పుడూ రాదు. ఈ కథే తెలుగులో 'సంబరాల రాంబాబు' అయింది.

'ఇరు కోడుగళ్' (1969) దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా బల్ల నేరుగా తెర మీదికి వచ్చేసింది. రెండు గీతలు అని ఆ పేరుకు అర్థం. ఒక గీతను చెరపకుండా చిన్నది చేయాలంటే దాని పక్కన ఇంకో పెద్ద గీత గీయాలి. ఇందులో గుమాస్తాకు గతంలో దూరమైన మొదటి భార్య జిల్లా కలెక్టరై అదే ఆఫీసుకు వస్తుంది. ఇంట్లో రెండో భార్య, ఆఫీసులో పై అధికారిగా మొదటి భార్య. దస్త్రం పట్టుకుని ఆమె గదిలోకి వెళ్లిన ప్రతిసారీ అతను భర్తా, కింది ఉద్యోగా అనే ప్రశ్న గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. ఇద్దరు భార్యల కథలు అంతకుముందు బోలెడు వచ్చాయి. హోదాల తేడాతో కథను నడపాలన్న ఊహ మాత్రం ఏజీ ఆఫీసు వరండాల్లో నడిచిన మనిషికే వస్తుంది. కలెక్టరుగా చేసిన షావుకారు జానకి రాజమండ్రిలో పుట్టిన తెలుగామె. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకున్న ఈ కథ తెలుగులో జమునతో 'కలెక్టర్ జానకి'గా వచ్చింది.

జీతం తెచ్చే ఆడపిల్ల ఆయన సినిమాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 'అవళ్ ఒరు తొడర్కదై' (1974), దాని తెలుగు రూపం 'అంతులేని కథ' (1976) ఈ వరసలో శిఖరాలు. తండ్రి ఇల్లొదిలి పోయాడు. అన్న తాగుబోతు. విధవరాలైన చెల్లెలు, చూపులేని తమ్ముడు, అన్న భార్యాపిల్లలు, వీళ్లందరికీ ఒక్కతే సంపాదన. అంతకుముందు వచ్చిన సినిమాల్లో ఇలాంటి త్యాగమూర్తులు కళ్లు ఒత్తుకుంటూ, మెత్తగా మాట్లాడుతూ ఉండేవారు. బాలచందర్ సృష్టించిన ఈమె నోరు మాత్రం పదును. ఇంటిని మోస్తుంది, మోస్తున్నానన్న సంగతి ఇంట్లోవాళ్లకు ప్రతి పూటా గుర్తుచేస్తుంది. కసురుతుంది, వెక్కిరిస్తుంది, లెక్క అడుగుతుంది. ప్రేక్షకుడికి ఆమె మీద జాలి కలిగేలోపే భయం కలుగుతుంది. మంచితనానికీ మృదుత్వానికీ ముడి విప్పేసిన ఈ పాత్ర తెలుగు సినిమాకు పెద్ద కొత్త. జయప్రద అంతటి అందాన్ని పెట్టుకుని ఆ కటువుతనాన్ని నిలబెట్టిన తీరు ఈనాటికీ ఆశ్చర్యమే. తాగుబోతు అన్నగా రజనీకాంత్, వెనక ఏసుదాసు గొంతులో 'దేవుడే ఇచ్చాడు వీధి ఒకటి'. చివర్లో పెళ్లి ఆమెది కాకుండా పోతుంది. మళ్లీ అదే ఉద్యోగానికి బయలుదేరుతుంది. కథ మొదలైన చోటికే వచ్చి ఆగుతుంది.

ఇక్కడ ఆత్రేయ గురించి ఆగి చెప్పుకోవాలి. 'అంతులేని కథ', 'మరో చరిత్ర', 'గుప్పెడు మనసు', 'ఆకలి రాజ్యం' పాటల్లో ఆయన చేయి ఉంది. ఆత్రేయ సినిమాలకు రాకముందు నాటకకర్త. ఆయనకు పేరు తెచ్చిన నాటకాల్లో ఒకటి 'ఎన్.జి.ఓ.', అంటే చాలీచాలని జీతపు గుమాస్తా కథ. మద్రాసులో ఒక గుమాస్తా నాటకాలు రాస్తున్నాడు, తెలుగునాట ఒక నాటకకర్త గుమాస్తా మీద రాశాడు. ఈ ఇద్దరూ సినిమాలో కలిశాక మాటకు మాట వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఇద్దరికీ తెలిసిన ఇల్లే అది. సంభాషణల రచయితగా కలిసిన గణేశ్ పాత్రోదీ అదే బాట. పార్వతీపురం నుంచి వచ్చిన ఆయన 'కొడుకు పుట్టాల', 'పావలా' నాటకాల రచయిత. బాలచందర్ తెలుగు సినిమాల్లో మాట అరువు తెచ్చుకున్నట్టు అనిపించకపోవడానికి కారణం ఇదే. పెదాల కదలికకు మాటలు అతికించే డబ్బింగు పని వాళ్లు చేయలేదు. వేదిక మీద మాట ఎంతసేపు నిలుస్తుందో తెలిసిన ముగ్గురు కూర్చుని ఒకే కథను మళ్లీ రాశారు.

'ఆకలి రాజ్యం'లో ఈ పని అతి సూక్ష్మంగా కనిపిస్తుంది. తమిళంలో కథానాయకుడు నోరు తెరిస్తే సుబ్రహ్మణ్య భారతి. తెలుగులో ఆ చోట శ్రీశ్రీ. పైకి చూస్తే ఒక మహాకవి బదులు ఇంకో మహాకవిని పెట్టారంతే అనిపిస్తుంది. కానీ సినిమా రుచే మారిపోయింది. భారతి 1921లోనే కన్నుమూశాడు. స్వతంత్రం రాకముందే వచ్చినట్టు పాడుకున్న కవి. ఆయన మాటను 1980లో ఢిల్లీ వీధుల్లో ఒక నిరుద్యోగి చదివితే, దేశం తన కవికి ఇచ్చిన మాట తప్పిందన్న నొప్పి వినిపిస్తుంది. శ్రీశ్రీ సంగతి అలా కాదు. సినిమా విడుదలైననాటికి ఆయన బతికే ఉన్నాడు. అంతే కాదు, అదే సినిమాకు 'ఓ మహాత్మా ఓ మహర్షీ' పాట స్వయంగా రాశాడు. కాబట్టి తెలుగు కుర్రాడు చదివే పద్యంలో ఉన్న కోపం పాతది కాదు, ఆ పొద్దుటిది. తమిళ రంగన్‌లో మోసపోయిన వారసుడు కనిపిస్తే, తెలుగు రంగాలో తిరగబడటానికి సిద్ధంగా ఉన్నవాడు కనిపిస్తాడు. ఇద్దరినీ వేసింది ఒకే కమల్‌హాసన్. కాలర్ చిరిగిన చొక్కా అదే, ఖాళీ కంచం అదే. కవి మారేసరికి మనిషి మారాడు.

అదే సినిమాలో 'కన్నెపిల్లవని కన్నులున్నవని' పాట ఉంది. శ్రీదేవి ఒక బాణీ హమ్ చేస్తుంది, కమల్ అక్కడికక్కడ దానికి మాటలు కట్టాలి. ఆమె మెలికలు తిప్పి కష్టం పెంచుతుంది, అతను ఓడిపోకుండా పదం అందిస్తాడు. వాళ్లిద్దరి మధ్య ప్రేమ పుడుతున్నదని వేరే మాటల్లో ఎక్కడా చెప్పరు. పోటీయే ప్రేమ. ఎం.ఎస్. విశ్వనాథన్ బాణీకి తమిళంలో కణ్ణదాసన్, తెలుగులో ఆత్రేయ రాశారు. బాణీ ముందు, మాట తర్వాత అనే సినిమా పాటల పద్ధతినే తెచ్చి కథలో ఒక సన్నివేశంగా పెట్టాడు బాలచందర్. గాయని ఎస్. జానకి ఆలాపనా, బాలసుబ్రహ్మణ్యం అందుకునే మాటా వింటుంటే, తెర వెనక ఆత్రేయ కాగితం ముందు ఎలా కూర్చుని ఉంటాడో ఊహకు వస్తుంది.

వస్తువుతో మాట్లాడించడంలో ఆయనకు సాటి తక్కువ. 'ఇది కథ కాదు' (1979), దాని తమిళ మూలం 'అవర్గళ్' (1977) చూడండి. క్రూరుడైన భర్త నుంచి విడిపోయిన స్త్రీని ఒక నెమ్మదస్తుడు మనసులోనే ప్రేమిస్తాడు. చెప్పే ధైర్యం లేదు. అతని చేతిలో ఒక మాట్లాడే బొమ్మ ఉంటుంది. మనిషి దాచుకున్నదంతా బొమ్మ నోట బయటపడుతుంది. బొమ్మ అల్లరి చేస్తే అతను దాన్ని గదమాయిస్తాడు, అంటే తన మనసును తానే గదమాయించుకుంటున్నాడు. మూగప్రేమను చూపించడానికి మిగతా దర్శకులు వర్షాన్నో వీణనో వెతుక్కున్న రోజుల్లో, ఈయన ఒక చెక్కబొమ్మతో పని కానిచ్చాడు. తమిళంలో రజనీకాంత్ వేసిన భర్త పాత్రను తెలుగులో, అప్పుడప్పుడే తెరకు వచ్చిన చిరంజీవి వేశాడు. నాయకుడిగా స్థిరపడకముందు ఇద్దరికీ ప్రతినాయక పాత్రలే ఇచ్చి నటన పిండుకున్నాడు.

'మరో చరిత్ర' (1978) దారి వేరు. ఇది ముందే తెలుగులో పుట్టింది, తమిళంలో మళ్లీ తీయనే లేదు. అవసరం పడలేదు. రంగుల సినిమాలు ఊపందుకున్న రోజుల్లో నలుపు తెలుపులో తీసిన ఈ సినిమా తెలుగు మాటలతోనే మద్రాసులో ఏడాదిన్నరకు పైగా ఆడింది. ఇది ఎలా జరిగిందన్నదానికి జవాబు కథలోనే ఉంది. విశాఖలో పక్కపక్క ఇళ్లు, ఒకటి తమిళులది, ఇంకొకటి తెలుగువాళ్లది. అబ్బాయికి తెలుగు రాదు, అమ్మాయికి తమిళం రాదు. భాష రాకపోవడమే కథలో అడ్డంకి. తమిళ ప్రేక్షకుడు హాల్లో ఏ ఇబ్బంది పడ్డాడో, తెర మీద ఆ అబ్బాయి బాలు అదే ఇబ్బంది పడుతున్నాడు. ప్రేక్షకుడి కష్టాన్ని పాత్ర కష్టంగా మార్చేస్తే ఇక అనువాదం ఎందుకు? పెద్దలు పెట్టిన ఏడాది ఎడబాటు షరతూ, అబ్బాయి ఫొటో కాల్చేస్తే ఆ బూడిదను కలుపుకుని తాగేసే అమ్మాయి మొండితనమూ ఆ తరం కుర్రకారు మనసుల్లో ముద్రపడిపోయాయి. కొత్తమ్మాయి సరితను, ఆమె పెద్ద పెద్ద కళ్లను నమ్మి ఇంత బరువు మోపడం మాటలు కాదు. ఎల్.వి. ప్రసాద్ నిర్మాణంలో ఇదే కథ 1981లో 'ఏక్ దూజే కే లియే'గా హిందీకి వెళ్లి అక్కడా ఊపేసింది.

దారి ఒకవైపే సాగిందనుకుంటే పొరపాటు. కె. విశ్వనాథ్ 'ఓ సీత కథ'ను బాలచందర్ తమిళంలో 'మూన్ఱు ముడిచ్చు' (1976)గా తీశాడు. కమల్, రజనీ, ఇంకా పసితనం వీడని శ్రీదేవి అందులోనే కలిశారు. మద్రాసులో తెలుగు, తమిళ సినిమాలు ఒకే స్టూడియోల్లో, ఒకే గాయకులతో, ఒకే వాద్యబృందాలతో తయారైన కాలపు ఫలం ఇది.

ముగింపుల దగ్గర ఆయనతో పేచీ పడక తప్పదు. 'అపూర్వ రాగంగళ్' (1975) మొదలుపెట్టిన ప్రశ్నకు అంతకుముందు ఎవరూ సాహసించలేదు. తండ్రిని ఒక అమ్మాయి, కొడుకును ఆ అమ్మాయి తల్లి ప్రేమిస్తే వరసలు ఏమవుతాయి? బేతాళుడి చిక్కుప్రశ్నలా వేసి రెండున్నర గంటలు నడిపించాడు. పెద్ద గేటు తోసుకుని గడ్డం మనిషి లోపలికి వస్తాడు, రజనీకాంత్ తెర మీదికి మొదటిసారి వచ్చింది అలాగే. అతను ఆ తల్లిని వదిలేసి వెళ్లిన భర్త. అతని చావుతో కథ తేలిపోతుంది, జంటలు విడిపోతాయి, లోకం తన వరసల్లోకి తాను వెళ్లిపోతుంది. ప్రశ్న వేసిన ధైర్యం జవాబు చెప్పేటప్పుడు సడలింది. 'సింధుభైరవి' (1985)లోనూ అంతే. సంగీతం తెలిసిన సింధు, సంగీతం తెలియని భార్య, మధ్యలో విద్వాంసుడు. చివరికి బిడ్డను అప్పగించి తప్పుకునేది సింధూయే. మధ్యతరగతి ఇంటి గోడలకు చిల్లులు పొడిచి లోపలికి వెలుగు పంపిన మనిషి, బయటికి పోతూ పోతూ ఆ చిల్లులు తానే పూడ్చేశాడనిపిస్తుంది. అయితే గుర్తుండిపోయేది ఆ చివరి పది నిమిషాలు కాదు. సుహాసిని సింధు నిలబడి అడిగిన ప్రశ్నలు గుర్తుంటాయి.

ఆ ప్రశ్నల్లో ఒకటి తెలుగువాళ్లకు నేరుగా తగులుతుంది. తమిళ శ్రోతల ముందు అర్థంకాని తెలుగు కీర్తనలే ఎందుకు పాడతారని ఆమె విద్వాంసుణ్ణి నిలదీస్తుంది. తమిళనాట దశాబ్దాలుగా నలిగిన తమిళిశై (తమిళ సంగీతం) వివాదం అది. బాలచందర్ దాన్ని ఉపన్యాసంగా వదిలేయలేదు. సింధు ఒక పల్లెపాట అందుకుని, పాడుతూ పాడుతూ త్యాగరాజు 'మరి మరి నిన్నే'లోకి వెళ్లి కలుస్తుంది. రాగం ఒక్కటే, వాకిలి వేరు. తెలుగును తోసేయకుండానే తమిళానికి పీట వేసిన ఆ నిమిషం, రెండు భాషల మధ్య ఇరవై ఏళ్లు తిరిగిన మనిషికే సాధ్యం. ఆ పాటకు చిత్రకు, ఆ సినిమా సంగీతానికి ఇళయరాజాకు, నటనకు సుహాసినికి జాతీయ పురస్కారాలు వచ్చాయి.

కోమల్ స్వామినాథన్ నాటకం ఆధారంగా తీసిన 'తణ్ణీర్ తణ్ణీర్' (1981) మాత్రం ముగింపులో కూడా వెనక్కి తగ్గలేదు. గుక్కెడు నీళ్లు లేని అత్తిపట్టి అనే పల్లె. నాయకులు రారు, అధికారులు వినరు. ఊరివాళ్లు తామే కాలువ తవ్వుకుందామంటే చట్టం అడ్డొస్తుంది. బిందె పట్టుకుని మైళ్లు నడిచే ఇల్లాలిగా సరిత. మధ్యతరగతి వంటగది దాటి బయటికి వస్తే ఆయన కలం ఎంత కరుకో ఇందులో తెలుస్తుంది. స్క్రీన్‌ప్లేకు జాతీయ పురస్కారం ఇచ్చింది దీనికే.

'రుద్రవీణ' (1988) ఈ దారులన్నీ కలిసిన చోటు. ఈసారి ముందు తెలుగు, ఆ వెంటే తమిళంలో 'ఉన్నాల్ ముడియుమ్ తంబి'. రెంటిలోనూ బిలహరి రాగం పేరును ఇంటిపేరుగా మోసే సంగీత విద్వాంసుడిగా జెమినీ గణేశన్. ఆయన కొడుకుకు రాగం కన్నా గుమ్మం ముందు ఆకలితో నిలబడ్డ మనిషి ముఖ్యం. నిర్మించింది నాగబాబు, మాటలు గణేశ్ పాత్రో, పాటలు సిరివెన్నెల. మాస్ నాయకుడిగా ఎదురులేని వేళ చిరంజీవి ఆయుధాలన్నీ పక్కన పెట్టి చేసిన సినిమా ఇది. డబ్బులు రాలేదు. జాతీయ సమైక్యతకు ఇచ్చే నర్గీస్ దత్ పురస్కారం వచ్చింది, ఇళయరాజాకు, 'చెప్పాలని ఉంది' పాడిన బాలసుబ్రహ్మణ్యానికీ జాతీయ గౌరవం దక్కింది.

ఆ తర్వాతి కాలంలో ఆయన నిర్మాతగా, టీవీ ధారావాహికల దర్శకుడిగా ఎక్కువ కనిపించాడు. రహమాన్‌ను పరిచయం చేసిన 'రోజా' (1992) ఆయన కవితాలయా సంస్థదే. 2006లో వచ్చిన 'పొయ్' దర్శకుడిగా చివరిది. 2010 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది.

2014 డిసెంబరు 23న చెన్నైలో బాలచందర్ కన్నుమూశాడు. రెండు వారాలు తిరగకుండానే, 2015 జనవరి మొదట్లో, అదే నగరంలో గణేశ్ పాత్రో కూడా వెళ్లిపోయాడు. ఆత్రేయ 1989లోనే వెళ్లాడు. 'ఆకలి రాజ్యం' టీవీలో వచ్చినప్పుడల్లా ఆ ముగ్గురు కుర్రాళ్లు ఖాళీ కంచాల ముందు కూర్చుని, లేని చారును ఇంకా జుర్రుకుంటూనే ఉన్నారు.